దొర మనిషి – 3

రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో వేషాల లిస్టు వచ్చింది. మా అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, పైనుంచి కిందికి వేలితో జరుపుకుంటూ పోయింది. ఐలమ్మ: వేరే పేరు. ఐలమ్మ కూతురు: అదీ వేరే పేరే. సంఘం మనుషుల్లోనూ లేదు. అట్టడుగున ఉంది, 'దొర మనిషి – 3' అని. ఫోన్ బోర్లా పెట్టేసి, సగం తిన్న పెరుగన్నం ముందు అట్లాగే కూర్చుంది.

నల్లగొండలో వేసవి సెలవులకు పిల్లలతో నాటకం వేయించే శిబిరం అది. ఈసారి చాకలి ఐలమ్మ కథ. పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది గానీ, తెలంగాణ సాయుధ పోరాటం నాటికి నల్లగొండ జిల్లాలోదే. అందుకే మా పిల్లలకు ఐలమ్మ అంటే మన ఊరి మనిషి లెక్క. భూమి కౌలుకు పట్టి పండించుకున్న పంటను విసునూరు దేశ్‌ముఖ్ దొర మనుషులు ఎత్తుకుపోను వస్తే ఎదురు నిలబడిన మనిషి. పదకొండేళ్ల పిల్ల ఆ వేషం మీద మనసు పడకుండా ఎట్లా ఉంటుంది? పది రోజులుగా నా పాత నేతచీర చుట్టుకుని, చపాతీ కర్రను రోకలి చేసుకుని, ఇంట్లో ఫ్రిజ్‌ను దొరా దొరా అని తిడుతోంది.

ఏడ్చింది. ఏడవనిస్తే సరిపోయేది. నా నోరు ఊరుకోదు కదా, "ఆ పిల్లకన్నా నువ్వే బాగ చేస్తవు బిడ్డా" అన్నాను. టక్కున తలెత్తి, "మరి సార్‌కు తెల్వదా?" అంది. తెలియదంటే సార్ మీద గురి పోతుంది, తెలుసంటే నేను అబద్ధం ఆడినట్టు. పైగా 'ఆ పిల్ల' అంటే ఎవరో కాదు, రోజూ నా స్కూటీ మీద దీని వెనకే కూర్చుని వచ్చే పిల్ల.

అది పడుకున్నాక సార్‌కు మెసేజ్ టైప్ చేశాను. 'డైలాగులన్నీ మా పాపకు నోటికి వచ్చు సార్, ఒకసారి ఆలోచించండి' అని. అప్పటికి ఏడుపు పిల్లది కాదు, నాది. పంపితే వేషం మారేదేమో గానీ, ఆ చీర కట్టుకున్నన్ని రోజులు పిల్లకు అది అమ్మ అడుక్కొచ్చిన వేషమే అయ్యేది. తుడిచేశాను.

పొద్దున మా నాయిన వచ్చాడు, నకిరేకల్ దగ్గరి మా ఊరి నుంచి. సంగతి విని మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన చిన్నప్పుడు ఊళ్లో చిరుతల రామాయణం నేర్చారట. చేతిలో చెక్క చిరుతలు మోగించుకుంటూ రాత్రుళ్లు ఆడేది. ఈయనకు రాముడు కావాలి, గురువేమో బంగారు జింకనిచ్చాడు. అలిగి మానేశాడు. ఊరంతా ముందర కూర్చుని చూస్తుంటే ఈయన అరుగు చాటున నిలబడి చూశాడు.

"ఇప్పటికీ రాముని పాటలు మొత్తం వస్తయ్ నాకు. జింక ఎట్ల ఎగరాల్నో మాత్రం రాదు" అన్నాడు. అంతే, టీ అడిగాడు. నేనైతే దానికి ఇంకో పది మాటలు తగిలించేదాన్ని.

బయల్దేరే ముందు నేను ఒక్కటే చెప్పాను, ఆ పిల్లతో ముందు నువ్వే మాట్లాడమని. ఏం మాట్లాడాలో చెప్పలేదు. క్లాక్ టవర్ సెంటర్ దాకా వెనక ఇద్దరూ మూగనోము. సిగ్నల్ దగ్గర మెల్లగా వినపడింది.

"రోకలి నిజందా, అట్టదా?"

"అట్టదే."

"అయితే గట్టిగనే కొట్టు. పడేది నేనే కదా."

నాకెందుకు ఇవ్వలేదని కాకుండా, ఇంకా ఏం నేర్చుకోవాలని సార్‌ను తనే అడగాలని కూడా అనుకున్నాం. నాలుగు రోజులు గడిచాక అడిగింది. మాట చివర మింగేస్తున్నావు, ఫ్యాన్లు తిరుగుతుంటే వెనక వరసకు వినపడదు అన్నాడట. అది నిజమే, ఇంట్లో నేనూ రోజుకు పదిసార్లు 'ఏందీ?' అంటుంటాను. సాయంత్రాలు అది డాబా మీద, నేను కింద గేటు దగ్గర. 'ఈ పంట నాది' అని అరిస్తే నాకు 'ఈ పంట' వరకే అందేది. ఎదురింటామె బయటికొచ్చి, ఏ పంట, ఎవరిది అని అడిగిపోయింది.

నాటకం రోజు దొర మనిషి – 3 రోకలి దెబ్బకు వెల్లకిలా పడింది. తలపాగా ఊడి ముందు వరస దాకా దొర్లితే, పడుకునే చెయ్యి చాపి లాక్కుంది. జనం నవ్వారు. ఐలమ్మ కూడా మూతి బిగబట్టుకోవడం నేను చూశాను.

కాటుకతో దిద్దిన మీసం ఆ రాత్రి కొబ్బరినూనె రాసి రుద్దినా పూర్తిగా పోలేదు. తెల్లారి పాల ప్యాకెట్‌కు ఆ మీసంతోనే పోయి వచ్చింది.