అవ్వ పాట, బుడ్డ గిటారు

మా పెద్దమ్మాయి చేతిలో ఉకులేలే చూడగానే మా అమ్మ అడిగిన మొదటి మాట: "ఇది గిటారుకు పుట్టిన పిల్లనా మే?"

తిరుపతి బైరాగిపట్టెడలో మా పుట్టిల్లు. జూన్ నెల. ఏసీ కారులోంచి ఎండలోకి, ఎండలోంచి ఫ్యాను కిందికి వచ్చేసరికి ఉకులేలేకి ఉన్న నాలుగు తీగలూ నాలుగు దారులు పట్టాయి. మా అమ్మాయి తిన్నె మీద కూర్చుని మర తిప్పుతూ, టింగు టింగుమని మీటుతూ అరగంట గడిపింది. "వచ్చినప్పట్నుంచి సరిజేసేదే గానీ వాయించేది లేదే" అని అమ్మ వంటింట్లోంచి గొణిగింది. తర్వాత ఆ వాయిద్యానికి 'బుడ్డ గిటారు' అని పేరు పెట్టేసింది.

మేం ఉండేది అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలో, రాలీ దగ్గర. అక్కడ చాలా బళ్లలో చిన్న పిల్లలకు సంగీతం క్లాసులో మొదట చేతికిచ్చేది ఇదే. నైలాన్ తీగలు కాబట్టి వేళ్లు నొప్పెట్టవు. ఒక తీగ మీద మూడో మెట్టు దగ్గర ఒక వేలు పెడితే చాలు, కొన్ని స్వరాలు కలిసి మోగే 'సి కార్డు' పలుకుతుంది. మా అమ్మాయి మూడో తరగతిలో పట్టుకుంది, ఇంకా వదల్లేదు. ఇప్పుడు దానికి పదహారేళ్లు. సొంతంగా పాటలు రాసుకుంటుంది.

అదే సమయంలో నేను దాన్ని కర్ణాటక సంగీతంలో కూడా చేర్పించాను. శనివారం పొద్దున వీడియో క్లాసు. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు. మూడేళ్లు నడిచింది. గీతాలు మొదలయ్యే వేళకి "నాకొద్దమ్మా" అంది. రెండు రోజులు దానితో మాట్లాడలేదు నేను. ఆ బొమ్మ వాయిద్యాన్ని అటక మీద పడేస్తానని కూడా అన్నాను. మా ఆయన "పోనీలేవే" అంటే ఆయనతోనూ పోట్లాట పెట్టుకున్నాను.

అసలు సంగతి చెప్పుకోవాలంటే, తిరుపతిలో పుట్టి పెరిగిన నేను ఒక్క సరళీ వరుసా నేర్చుకోలేదు. సంగీత కళాశాల ముందు నుంచే సైకిల్ మీద ట్యూషన్‌కి పోయేదాన్ని. అక్కడ కచేరీ ఉందంటే, ఆ దారిలో ట్రాఫిక్ ఉంటుందని మాత్రమే గుర్తుండేది. తెల్లవారుజామున మైకులో వచ్చే సుప్రభాతం నాకు అలారం. నా సంగీతం అంతా రేడియోలో సినిమా పాటలు, ఎంసెట్ టెన్షన్ మధ్య వినీ వినకుండా విన్నవి. సంప్రదాయం మీద ఇంత పట్టుదల నాకు అమెరికా పోయాకే వచ్చింది. మా ఊళ్లో నేను చేయని పనులన్నీ నా పిల్లల చేత అక్కడ చేయించాలని చూశాను.

ఇంతకీ అది పాడేది ఏమిటంటే, రెండు రకాల పాత సరుకు కలిపిన పాటలు. ఒకటి 1920లు, 30ల నాటి అమెరికన్ పాప్. అప్పట్లో న్యూయార్క్‌లో అచ్చేసి అమ్మిన పాటల కాగితాల మీద ఉకులేలే కార్డుల బొమ్మలు కూడా వేసేవాళ్లట, కొన్నవాళ్లు ఇంట్లోనే వాయించుకునేందుకు. రెండోది మా నార్త్ కరోలినా కొండల పక్క పల్లె పాటలు, బాంజో పాటలు. బాంజో అనే ఆ తీగల వాయిద్యం మూలం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్లది. ఉకులేలేలో అన్నిటికంటే పైన ఉండే తీగ మనం అనుకున్నట్టు మంద్రంగా ఉండదు, సన్నగా పలుకుతుంది. బాంజోలోనూ బొటనవేలి కింద అలాంటి సన్న తీగే ఒకటుంటుంది కాబట్టి, బాంజో కొట్టే తీరు దీని మీద కూడా కుదురుతుందని మా అమ్మాయే చెప్పింది. గోరుతో కిందికి కొట్టి, బొటనవేలితో ఆ తీగను లాగి వదులుతుంది. ఆ దెబ్బ బాగుంటుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

దానికి ఎలిజబెత్ కాటన్ అంటే ప్రాణం. మేముండే చోటికి దగ్గర్లోనే, 1893లో పుట్టిన నల్లజాతి మహిళ. ఎడమచేతి వాటం కాబట్టి గిటారును తిరగేసి వాయించేది. చిన్నప్పుడే పాటలు కట్టింది. పెళ్లి, చాకిరీ మధ్య గిటారు వదిలేసింది. ఏళ్ల తర్వాత సంగీతం తెలిసిన ఒక ఇంట్లో పనిమనిషిగా చేరి, గోడకు వేలాడుతున్న గిటారు మళ్లీ చేతిలోకి తీసుకుంది. అరవై దాటాక మొదటి ఆల్బమ్ వచ్చింది. తొంభై దాటాక గ్రామీ వచ్చింది. మా అమ్మాయి గదిలో ఆవిడ ఫొటో ఉంది. నేను తెచ్చిపెట్టిన వేంకటేశ్వరస్వామి పటం పక్కనే.

ఈసారి తిరుపతి ప్రయాణానికి నా ప్లాన్ వేరు. అన్నమయ్యను పరిచయం చేద్దామనుకున్నాను. 32,000 సంకీర్తనలు రాశాడని, వాటిని రాగిరేకుల మీద చెక్కించి కొండ మీద గుడిలోనే ఒక అరలో దాచారని, దాదాపు 14,000 మాత్రమే మనకు దొరికాయని కారులో ఉపన్యాసం ఇచ్చాను. అది శ్రద్ధగానే విని, "ట్యూన్లు కూడా రేకుల మీద ఉన్నాయా?" అంది. లేవు. రాగం పేరు ఉంటుంది, స్వరాలు ఉండవు. మనం ఇప్పుడు వినే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి వాళ్లు కట్టినవి. "అంటే పాత మాటలకి కొత్త ట్యూను" అంది మా అమ్మాయి. నేను కాస్త తగ్గి, అన్నమయ్య కూడా జోలపాట, దంపుళ్ల సువ్వి పాట, గొబ్బి పాట తీరులో రాశాడని చెప్పాను. అది వెంటనే, "ఆ సువ్వి పాటలు ఇప్పుడు ఎవరు పాడతారు? అవ్వ పాడుతుందా?" అంది.

నలభై నాలుగేళ్లలో నాకు తట్టని ప్రశ్న.

ఆ సాయంత్రం పాకాల నుంచి మామ పంపించిన చెనక్కాయల మూట విప్పుకుని అమ్మ వరండాలో కూర్చుంది. ఊరిబిండి పచ్చడికి ఒలుస్తోంది. మనవరాలు పక్కన చేరి, "అవ్వా, నువ్వు చిన్నప్పుడు ఏం పాడేదానివి?" అని అడిగింది. "నాకేం పాటలొస్తాయి మే, మేమేమన్నా సంగీతం నేర్చినోళ్లమా" అంది అమ్మ. రెండోసారి అడిగితే నవ్వింది. మూడోసారికి, చేతులు ఆపకుండానే, తల పైకెత్తకుండానే పాడింది.

జూన్‌లో వానలు పడేముందు విత్తనానికి చెనక్కాయలు ఒలిచేవాళ్లట. ఆడవాళ్లంతా ఒక పంచలో చేరేవాళ్లు. అప్పుడు పాడే పాట. "రైలెక్కి పోయినోడు రాతిరికి రాలేదు, రాణీపేట దాటినాడో, రాజ్జెమే దాటినాడో" అని మొదలు. మద్రాసుకి పోయిన మొగుడి మీద ఎగతాళి. ఒకరు ఒక మాట కలుపుతారు, మిగతావాళ్లు అందుకుంటారు. అమ్మ గొంతులో ఆ పాటను నేను ఎన్నడూ వినలేదు. నేను చదువుకుంటున్నానని ఇంట్లో రేడియో కూడా ఆపేసేవాళ్లు, ఇక అమ్మ ఎక్కడ పాడుతుంది!

మా అమ్మాయి కళ్లు ఇంతయ్యాయి. ఫోన్‌లో రికార్డు చేసింది. నేను గర్వంగా, "చూశావా, ఇదీ అసలైన జానపదం, మన వేరు" అని ఏదో మొదలుపెట్టాను. అమ్మ నన్ను మధ్యలోనే ఆపేసింది.

"వరస మాది కాదులే. సినిమాది. కొట్టాయిలో చూసొచ్చి, ఆ పాటకు మా మాటలు పెట్టుకున్న్యాం."

పొలం గట్టున టెంటు వేసిన సినిమా కొట్టాయి, నేల టికెట్టు, మర్నాడు చెనక్కాయల కాడ అదే వరస. ఏ సినిమా అని అడిగితే గుర్తులేదంది. రాజా పాడినట్టుండేదని మాత్రం చెప్పింది. ఏ.ఎం. రాజా అంటే ఆమె తరానికి మా చిత్తూరు జిల్లా బిడ్డే, మెత్తని గొంతు, మైకు దగ్గరగా గుసగుసలాడినట్టు పాడే మనిషి. పాత సినిమా పాట, పల్లె మాట. మా అమ్మాయి ఇంగ్లీషులో ఏదో అరిచి అవ్వను వాటేసుకుంది. దాని చేతుల మధ్య నుంచి అమ్మ "చెనక్కాయలు పోతాయి మే" అంటోంది. నా ఉపన్యాసం మిగతా భాగం నేను మింగేశాను.

తర్వాత నాలుగు రోజులు ఇద్దరికీ అదే పని. ఉకులేలే కథ కూడా అవ్వకు చెప్పింది: 1879లో మదీరా దీవుల పోర్చుగీసువాళ్లు చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి హవాయి చేరడం, వాళ్లతో వచ్చిన చిన్న గిటారు అక్కడి వడ్రంగుల చేతిలో ఇలా మారడం. "చెరుకు కొట్టేదానికి పోయినోళ్లదా!" అంది అమ్మ. ఆ మాట తర్వాతే బుడ్డ గిటారు మీద ఆమెకు కొంచెం గౌరవం వచ్చిందనుకుంటా. ఆమె పుట్టింటి చుట్టూ చెరుకు తోటలు, బెల్లం గానుగలే. హవాయి భాషలో ఆ పేరుకి 'ఎగిరే పేను' అని అర్థం చెబుతారని విన్నాక మాత్రం మనవరాలి తల ఒళ్లోకి లాక్కుని చూసింది.

చిక్కులూ వచ్చాయి. అవ్వ గొంతు రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉంటుంది, ఉకులేలే మెట్టు మీదే ఉంటుంది. గమకం లాగుదామంటే తీగ అంతసేపు మోగదు. అందుకని అవ్వ పాడేటప్పుడు అది వాయించడం మానేసి, చెక్క మీద వేళ్లతో దరువు వేసేది. పైగా అవ్వ రెండో మాట దగ్గర ఊపిరి తీసుకునేంత సేపు ఎక్కువ ఆగుతుంది. లెక్క కుదరదు. సరిచేద్దామా అన్నాను. నన్ను జాలిగా చూసి, కొండల పక్క పాటల్లో ఇలాంటివి చాలా ఉంటాయని, వాటిని వంకర పాటలంటారని, సరిచేస్తే పాట పోతుందని చెప్పింది.

మాటలతో ఇంకో తంటా. అమెరికాలో మా ఊళ్లో ఆదివారం తెలుగు బడిలో అది ఒకసారి 'యాడికి' అని రాస్తే ఎర్ర గీత పెట్టి 'ఎక్కడికి' అని దిద్దారు. బడినెందుకు అనడం, ఇంట్లో నేనూ అదే చేశాను. పిల్లల ముందు 'ఉండాది' అనకుండా నాలుక కొరుక్కుంటూ పదహారేళ్లు గడిపాను. ఇప్పుడది 'పోయినోడు' అనే మాటను 'పోయినవాడు' అని పాడితే అవ్వ ఒప్పుకోలేదు. "అట్లంటే టీచరు పాడినట్టుంటాది."

ఆగస్టులో బడి మొదలయ్యాక, ఊళ్లో ఒక చిన్న కాఫీ షాపులో అది ఆ పాట పాడింది. పాతకాలపు పాప్ కార్డులు, బాంజో దెబ్బ, మద్రాసు రైలు గురించి ఇంగ్లీషు చరణాలు, మధ్యలో తెలుగులో అవ్వ పల్లవి, ఆ ఊపిరి ఆగడంతో సహా. ముప్పై మంది ఉంటారేమో. వీడియో అమ్మకు పంపాను. సాయంత్రం ఫోన్ చేస్తే, బాగుందో లేదో చెప్పలేదు.

"కూత ఏదీ?"

ఏం కూత?

"రైలు కూత. రాలేదు అన్నాక అందరం కూ అంటాం గదా. అది లేకపోతే రైలెట్ల పోతాది?"

రికార్డు చేసిన రోజు ఒక్కతే పాడింది కాబట్టి కూత వేయలేదట. మర్నాడు పొద్దున మా అమ్మాయి ఫోన్‌కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇరవై సెకన్లు. అందులో అమ్మ గొంతెత్తి రెండుసార్లు 'కూ' అంది. వెనకాల ఎక్కడో ఇంకో రెండు వినిపించాయి. మా అమ్మాయి చెవికి ఆనించుకుని మూడుసార్లు విని, "అమ్మా, ఇందులో అవ్వ ఎన్ని, కుక్కర్ ఎన్ని?" అని అడిగింది.