కల్చర్ రిపోర్టు నిండా ఆర్‌లే

నిమోనియా ముదిరి బాపును హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో చేర్చాం. వెంటిలేటర్ పెట్టారు. కొన్నాళ్లకు ఊపిరితిత్తులు తేటపడుతున్నాయన్నారు. అంతలోనే మళ్లీ జ్వరం. గొంతులో ట్యూబు నుంచి తెమడ తీసి కల్చర్‌కు పంపారు.

ఆ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. సూక్ష్మజీవిని పెంచాలి, అదేదో తేల్చాలి, ఏ మందుకు లొంగుతుందో చూడాలి. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేం. చివరికి వచ్చిన కాగితం మీద పేరు ఎసినెటోబాక్టర్ బౌమానీ. మందుకు లొంగితే ఎస్, లొంగకపోతే ఆర్ అని రాస్తారట. మెరోపెనెం అనే గట్టి యాంటీబయాటిక్‌తో సహా వరసగా ఆర్‌లే. కొలిస్టిన్ ఎదురుగా మాత్రం ఆ అక్షరం లేదు. అది పాత మందు. కిడ్నీలను దెబ్బతీస్తుందని 1970ల్లో దాదాపు పక్కన పెట్టేశారు, ఇప్పుడు గత్యంతరం లేక మళ్లీ తీస్తున్నారు. ఇక మా ఇంట్లో పొద్దున లేస్తే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ ఎంతొచ్చిందన్న మాటే.

"మనమే ఇంటి నుంచి తెచ్చినమా సారూ?" అని బావ అడిగాడు. ఇది ఎక్కువగా ఆస్పత్రుల్లోనే అంటుకుంటుందన్నారు డాక్టరు. మంచం కమ్మీ, మానిటర్ బటన్లు, వెంటిలేటర్ గొట్టాలు, ఇలా ఎండిన చోట కూడా రోజుల తరబడి, ఒక్కోసారి వారాలు బతుకుతుంది. అక్కడి నుంచి చేతులే మోస్తాయి. పక్క మంచం మనిషికి జ్వరం లేకపోయినా ఒంటి మీద అది ఉండొచ్చు.

ఆ తర్వాత నా చూపంతా చేతుల మీదే. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్ చాలా మంచాలు చూసుకునేది. ఒకచోట అలారం మోగితే అవే గ్లౌజులతో ఇంకో మంచానికి పరుగు. గ్లౌజు ఆమెను కాపాడుతుందేమో గానీ, పేషెంటును కాదు. "అక్కా, చేతులు..." అని మెల్లగా అన్నాను. కోప్పడలేదు, మంచం దగ్గర ఖాళీ శానిటైజర్ సీసా చూపించింది. తప్పు ఆమెది అనబుద్ధి కాలేదు. నేను పోయి మేనేజ్‌మెంట్‌తో గట్టిగానే మాట్లాడాను. సీసాలు వచ్చాయి. బాపును వేరే గదికి మార్చి, స్టెతస్కోపు కూడా విడిగా పెట్టారు. లోపలికి పోతే గౌను, గ్లౌజులు. బయటికొస్తూ అవి విప్పి, చేతులకు ఇరవై ముప్పై సెకన్లు శానిటైజర్ రుద్దుకోవాలి.

అసలు కష్టం చుట్టాలతో. మా దిక్కు మనిషి దవాఖానాలో ఉంటే ఆటో నిండా దిగుతారు, చూడకుండా కదలరు. పెద్దమ్మ కొమురవెల్లి మల్లన్న బండారి తెచ్చి నుదుట పెడతానని పట్టుబట్టింది. సెక్యూరిటీతో లొల్లి. "నీ చెయ్యి మంచిదే పెద్దమ్మా, ఆ గది మంచిది కాదు" అని సముదాయించి బండారి పొట్లం నేనే జేబులో పెట్టుకున్నాను. వారం దాకా అలకే.

కిడ్నీలు తట్టుకున్నాయి, ట్యూబు తీశారు, వార్డుకు మార్చారు. డిశ్చార్జి కాగితంలో మాత్రం నిమోనియా అనే ఉంది, ఈ క్రిమి పేరు లేదు. రేపు ఇంకో ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే వాళ్లు బాపును విడిగా ఉంచాలన్నా, సరైన మందు మొదలుపెట్టాలన్నా ఆ పేరు తెలియాలి కదా. రాయించుకునే దాకా కౌంటర్ దగ్గరి నుంచి కదల్లేదు. కల్చర్ రిపోర్టు జిరాక్సులు కూడా తీసుకున్నాను. ఒకటి చెల్లె దగ్గర ఉంది.