తమ్ముడి ప్రోనోటు వెనక్కి తెచ్చుకున్నాం – నా అనుభవం

మొన్న శనివారం సాయంత్రం తమ్ముడి ప్రోనోటు, అంటే అప్పు తీసుకుంటూ వాడు రాసిచ్చిన పత్రం, మా చేతికొచ్చింది. రెవెన్యూ స్టాంపు మీద వాడి సంతకం, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు, మడతల దగ్గర నలిగిపోయిన కాగితం. నెలన్నర తర్వాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నాను, ఇంట్లోవాళ్ల అప్పుల్లో తలదూర్చక తప్పని విశ్వాసులకు పనికొస్తుందని.

నేను గుంటూరులో టీచర్ని. తమ్ముడికి చీరాలలో సెల్ రిపేర్ షాపు ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసి, "అక్కా, ఒక యాభై వేలు సర్దగలవా" అన్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. డబ్బు పంపలేదు. సోమవారం సెలవు పెట్టి బస్సెక్కాను.

వాడింట్లో ఒక తెల్లకాగితం తీసుకుని అప్పులన్నీ రాయమన్నాను. బంగారం మీద బ్యాంకు లోను, లోన్ యాప్‌లో 18 వేలు, పాడేసిన చీటీకి మిగిలిన నాలుగు వాయిదాలు. "ఇంకా ఉందా?" అంటే లేదన్నాడు. కాసేపాగి మళ్లీ అడిగాను. లేదన్నాడు. మూడోసారి అడిగితే వాడు మాట్లాడలేదు, మరదలు లోపలికి వెళ్లి ఏడ్చింది. అప్పుడు బయటపడింది అసలు అప్పు. రెండు లక్షలు, మూడు రూపాయల వడ్డీ. నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. ఇచ్చినాయన వాళ్ల చర్చి సంఘంలోనే పెద్ద.

మీకు చెప్పేది ఒకటే: మొదటిసారి చెప్పిన లెక్క నమ్మకండి. వాళ్లు అబద్ధాలకోరులని కాదు. సిగ్గు ఉన్న మనిషి పెద్ద అప్పునే దాస్తాడు.

యాప్ అప్పు వెంటనే కట్టేసి నో డ్యూ లెటర్ తీసుకున్నాం. బంగారం లోనుకు వడ్డీ కట్టి తిరగరాయించాం. చీటీ వాయిదాలు షాపు మీద వచ్చే డబ్బుతో వాడే కట్టుకుంటానన్నాడు. ఇవన్నీ మూడు రోజుల్లో అయిపోయాయి.

డబ్బు సంగతికొస్తే, మా ఆయనా నేనూ ప్రార్థన చేసుకుని ఒక అంకె అనుకున్నాం. లక్షా యాభై వేలు. అది తిరిగి రాకపోయినా మా పిల్లల ఫీజులు ఆగవు. అప్పుగా కాదు, ఇచ్చేయడమే. ఎక్కడా సంతకం మాత్రం పెట్టనని ముందే చెప్పాను. ఎందుకంటే 2016లో తోటి టీచరుకు ఒక సొసైటీలో హామీ సంతకం పెట్టి, ఆమె కట్టడం మానేస్తే 22 నెలలపాటు నెలకు 4,200 చొప్పున నా జీతంలోంచి పోగొట్టుకున్నాను. హామీదారుడంటే పక్కన నిలబడే మనిషి కాదు, చట్టం దృష్టిలో అప్పు తీసుకున్నవాడితో సమానం. సామెతల గ్రంథం అప్పులకు పూటబడవద్దని, అంటే హామీ ఉండవద్దని, ఎన్నిసార్లు చెప్పిందో అప్పుడు గుర్తురాలేదు. అడిగినవానికి ఇమ్మని ప్రభువు చెప్పాడు. పూటబడమని ఎక్కడా చెప్పలేదు.

ఇక ఆ పెద్దాయన సంగతి. చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు వాక్యాలు కంఠతా పట్టించింది ఆయనే. ఆ ధైర్యంతోనే వెళ్లాను. "వందనాలండి అంకుల్" అంటే "వందనాలమ్మా, కూర్చో" అని వరండాలో కుర్చీ చూపించి లోపలికి వెళ్లిపోయారు. గంటన్నర కూర్చున్నాం. ఈలోగా వడ్డీలు కట్టడానికి వచ్చినవాళ్లు మమ్మల్ని దాటుకుని వెళ్లి వచ్చారు. అందులో ఇద్దరు మా అమ్మ సమాధి కార్యక్రమానికి వచ్చినవాళ్లే. తమ్ముడు తల ఎత్తలేదు.

చివరికి ఖాతా పుస్తకం తెచ్చారు. నోటు రాసి 33 నెలలైంది, వడ్డీ 14 నెలలే ముట్టింది, మిగతా 19 నెలలకు లక్షా 14 వేలు, మొత్తం మూడు లక్షల 14 వేలు అన్నారు. ఆ మొత్తానికి కొత్త నోటు రాయమన్నారు. ప్రోనోటుకు మూడేళ్లే గడువు, దాటితే కోర్టులో చెల్లదు, అందుకే ఆ తొందర. నోటు తిరగరాస్తే వడ్డీ అసలులో కలిసిపోతుంది, నెలకు ఆరు వేలు కాస్తా 9,420 అవుతుంది. తమ్ముడు యాభై వేలు అడిగింది కూడా, ఎంతో కొంత చేతిలో పెట్టి ఆ సంతకం తప్పించుకుందామనే.

వాడు కట్టింది 20 నెలలు. "అన్నీ కట్టాను అంకుల్" అన్నాడు గొంతు పెగలక. కానీ కట్టినట్టు నోటు వెనక ఒక్క చెల్లు కూడా రాయించుకోలేదు. ఆయన అందరూ వినేలా అన్న మాట ఇది: "కట్టినవాడివైతే కాగితం చూపించాలి. నీ సాక్ష్యం బాగుంటే నీకీ గతి పట్టేది కాదు."

నాకు నోరు పెగల్లేదు. బాధ నాది కాదు, అయినా చెంపదెబ్బ తిన్నట్టే ఉంది. సాక్ష్యమంటే మా మాటల్లో విశ్వాసి నడవడి. ఒక మనిషి అప్పుల్లో ఉంటే వాడి విశ్వాసం కూడా తాకట్టు పెట్టినట్టేనా? ఆ రోజు లేచి వచ్చేశాం.

ఆ రాత్రి మరదలు మంచం కింద నుంచి రెండు పాత కేలండర్లు తీసింది. చర్చిలో క్రిస్మస్‌కి ఇచ్చే వాక్యం కేలండర్లు. తేదీ గళ్లలో పెన్సిల్‌తో "6 వే." అని రాసుంది, పక్కన "చేతికి" అనో "ఫోన్" అనో. "పాలలెక్కతో పాటు ఇదీ రాసేదాన్ని వదినా" అంది. లెక్కపెడితే సరిగ్గా ఇరవై. వాటిలో పదకొండు ఫోన్‌లో పంపినవి. బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే తేదీలతో సహా సరిపోయాయి. తమ్ముడు ఆ కేలండర్లను చేత్తో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు.

రెండోసారి పాస్టర్ అయ్యగారిని వెంటబెట్టుకుని వెళ్లాం. ఆయన వాదించలేదు. నెహెమ్యా ఐదో అధ్యాయం చదివి ప్రార్థన చేశారు. సహోదరుల దగ్గర నూరవ భాగం తీసుకుంటున్నారని ప్రధానులను నెహెమ్యా గద్దించిన చోటు అది. నెలకు నూటికొకటి అని చాలామంది బోధకులు చెబుతారు. అంటే మన లెక్కలో రూపాయి వడ్డీ. మన ఊళ్లలో మూడు. దీని మీద ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు. అప్పు పోవాలంటే విత్తన కానుక వేయమని, విత్తనంలా అది ఎన్నో రెట్లై తిరిగొస్తుందని చెప్పే ప్రసంగాలు మాత్రం బోలెడు విన్నాను. మా వాడు అలా పది వేలు వేశాడు, అదీ ఈ అప్పులోంచే. దేవుడికిచ్చే కానుక అప్పు డబ్బుతో ఇవ్వకండి, దయచేసి.

పెద్దాయన కేలండర్లు తిప్పి చూశారు. ఇరవై నెలలు ఒప్పుకున్నారు. ఆ లెక్కన రెండు లక్షల 78 వేలు. మాటలు అటూ ఇటూ నడిచి రెండు లక్షల 30 వేలకు తెగింది. మాది లక్షా యాభై. తమ్ముడు బైకు అమ్మితే 45 వేలు వచ్చింది. మిగతా 35 వేలు మరదలు డ్వాక్రా గ్రూపు పొదుపులోంచి రూపాయి వడ్డీకి తీసుకుంది. ఆ రెండూ కలవకుండా నేనే మొత్తం కట్టి ఉంటే నాకు గొప్పగా ఉండేదేమో, వాడికి ఉండేది కాదు. గలతీ ఆరో అధ్యాయంలో ఒకని భారములు ఒకడు భరించమన్న రెండో వచనానికి మూడు వచనాల తర్వాతే, ప్రతివాడు తన బరువు తానే భరించుకోవాలని ఉంది. మేం చిన్నప్పటి నుంచి మొదటిదే కంఠతా పట్టాం.

ఇంకో పేచీ వచ్చింది. ఆయనకు నగదే కావాలట. ఇరవై వేలు, ఆపైన అప్పును నగదుగా తీర్చడం ఇన్‌కం టాక్స్ చట్టం ఒప్పుకోదని చెప్పి, తమ్ముడి ఖాతా నుంచి ఆయన ఖాతాకే పంపిస్తామన్నాం. ముఖం మాడ్చుకున్నా ఒప్పుకున్నారు. బ్యాంకు రసీదు చేతిలో పడ్డాక కూడా నోటు రావడానికి మూడుసార్లు తిరిగాం. ఒకసారి బీరువా తాళం కోడలి దగ్గరుందన్నారు, ఒకసారి ఉపవాస ప్రార్థనకు వెళ్లారు. డబ్బు, నోటు ఒకే చోట కూర్చుని చేతులు మారాలి. నేను ఇక్కడే పొరపాటు పడ్డాను, మీరు పడకండి.

శనివారం నోటు ఇచ్చారు. వెనకాల "పూర్తిగా చెల్లు" అని రాసి సంతకం చేయమంటే చేశారు. ఆ సంతకం చూశాకే తమ్ముడు నోటు మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు. వాడు ఆయనకు ఇచ్చిన ఖాళీ చెక్కులు రెండు, సంతకంతో సహా. ఒకటి దొరికింది. రెండోది వెతికి ఇస్తానన్నారు. సోమవారం పొద్దున్నే బ్యాంకుకెళ్లి దాని నంబరు మీద స్టాప్ పేమెంట్ పెట్టించాం. వచ్చే ఆదివారం ఆరాధనకు చీరాల వెళ్తున్నాను. అయిపోయాక మళ్లీ అడుగుతాను.