మిషన్ స్కూల్ టీచర్‌గా ఉంటూ దూరవిద్యలో కౌన్సెలింగ్ చదివాను – నా అనుభవం

మా ఊళ్లో కౌన్సెలింగ్ అంటే రెండే అర్థాలు. ఒకటి ఎంసెట్ కౌన్సెలింగ్, రెండోది తాగి బండి నడిపినవాళ్లకు పోలీసులు ఇచ్చేది. నేను కౌన్సెలింగ్ సైకాలజీలో పీజీ చేస్తున్నానని చెబితే పక్కింటి పిన్నిగారు "అయితే మావాడికి మంచి కాలేజీలో సీటు చూసిపెట్టమ్మా" అన్నారు. మా పీఈటీ సారు రెండో అర్థం పట్టుకున్నారు. "టెన్త్ బి సెక్షన్ వాళ్లకి కాస్త గట్టిగా ఇవ్వండి మేడమ్!" చేరాక దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నో వాళ్లు మూడో అర్థం కూడా నేర్పారు. స్టడీ సెంటర్లో జరిగే క్లాసుల్ని వాళ్లు కౌన్సెలింగ్ సెషన్లంటారు.

నేను నరసాపురం వైపు ఒక మిషన్ స్కూల్లో సోషల్ చెబుతాను. 1836లో ఇండియా వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు గోదావరి డెల్టా మిషన్ నాటిన ప్రాంతం ఇది. మా దగ్గర బడికీ గుడికీ మధ్య గోడ పల్చన. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన, పరీక్షల ముందు ప్రార్థన, పిల్లాడు కళ్లు తిరిగి పడిపోతే నీళ్లతోపాటు ప్రార్థన. నేను పుట్టి పెరిగిందీ ఆ వాతావరణంలోనే.

2021లో బడులు మళ్లీ తెరిచాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె సాయంత్రం వరండాలో నా దగ్గరకొచ్చి "ఇంటికి వెళ్లబుద్ధి కావట్లేదండి టీచర్" అంది. నేను తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. మంచి ప్రార్థనే చేశాను, బైబిలు వాక్యం కూడా చెప్పాను. ఆమెన్ అని వెళ్లిపోయింది. దసరా సెలవుల తర్వాత బడికి రాలేదు. పెళ్లి చేసేశారని తెలిసింది. పదిహేనేళ్లు కూడా లేవు. ఆ సాయంత్రం నేను "ఎందుకమ్మా?" అని ఒక్క మాట అడగలేదు.

అప్పుడే ఇందులో ఏదైనా చదవాలనిపించింది. మా పాస్టరుగారు దూరవిద్యలో బైబిలు చదువు చెప్పే బెంగళూరు టాఫ్టీ వాళ్ల కోర్సులు చెప్పారు, ఇంట్లో ఉండే చదవొచ్చు కదా అన్నారు. మంచి సలహానే గానీ నాకు కావలసింది వాక్య జ్ఞానం కాదు, అది ఉండే ఆ పిల్లను అలా పంపించాను. ఇగ్నోలో ఎం.ఏ. ఎడ్యుకేషనా, ఎం.ఏ. సైకాలజీనా అని నెల రోజులు ఊగాను. బి.ఎడ్.లో చదివిందే మళ్లీ చదివినట్టుంటుందని ఎడ్యుకేషన్ వదిలేశాను. సైకాలజీకి అప్పట్లో ఏ డిగ్రీ ఉన్నా సరిపోయేది, కనీసం రెండేళ్లు, గరిష్ఠం నాలుగేళ్లు (2025 నుంచి సైకాలజీలో దూరవిద్య చేరికలు ఆపేశారు). రెండో ఏడు కౌన్సెలింగ్ స్పెషలైజేషన్ తీసుకునే వీలుండేది. నెట్ సెంటర్లో ఫారం నింపుతుంటే ఫొటో సైజు ఎక్కువైందని మూడుసార్లు వెనక్కి కొట్టింది. అలా 2022 జనవరి సెషన్‌లో చేరాను.

జనవరిలో చేరితే పరీక్షలు డిసెంబర్లో పడేవి. ఇది క్రైస్తవులు చేరేముందు ఆలోచించుకోవాల్సిన విషయం, నాకెవరూ చెప్పలేదు. మా వైపు డిసెంబర్ ఒకటో తారీఖు నుంచే సెమీ క్రిస్మస్‌లు, అంటే పండగకు ముందే జరుపుకునే క్రిస్మస్ వేడుకలు, మొదలు. బడిలో ఒకటి, సంఘంలో ఒకటి, స్త్రీల సమాజానిది ఇంకొకటి. పిల్లలకు నాటిక నేర్పిస్తూ, పాటల కాగితం వెనక అనోవా అనే స్టాటిస్టిక్స్ లెక్క వేసుకునేదాన్ని. గొర్రెల కాపరి వేషం వేసినవాడు వచ్చి "టీచర్, మూడో చరణం ఎక్కడుందండి?" అని అడిగితే కాగితం తిప్పి చూపించాను. నా లెక్క కూడా వాడితోపాటే స్టేజీ ఎక్కిపోయింది. ఆ ఏడాది స్టాటిస్టిక్స్ పోయింది. నలభై వస్తే పాస్, నాకు ముప్పై నాలుగు. జూన్‌లో మళ్లీ రాశాను, మా లెక్కల మాస్టారు నెలపాటు లంచ్ టైంలో కూర్చుని చెప్పబట్టి గట్టెక్కాను.

క్లాసులు ఆదివారాలు. అదీ ఇబ్బందే. నేను సండే స్కూల్ టీచర్ని కూడా. వరసగా మూడు వారాలు ఆరాధనకు కనపడకపోతే నాలుగో వారం పాస్టరమ్మగారు "ఏమ్మా, ఆత్మీయంగా బాగానే ఉన్నావా?" అని అడిగారు. బస్సులో రెండు గంటలు వెళ్తే అక్కడ ఉన్నది మేం నలుగురం. కొన్నాళ్లకు ఆ ప్రయాణం తగ్గించి ఇగ్నో వాళ్ల ఆన్‌లైన్ పాఠాల సైటు ఈజ్ఞాన్‌కోశ్‌లో పాఠాలు దించుకుని రాత్రిళ్లు చదవడం మొదలుపెట్టాను. ప్రాక్టికల్స్‌కి మాత్రం తప్పదు, వెళ్లాల్సిందే.

పుస్తకాలు ఇంగ్లీషులో, నేను తెలుగు మీడియం. మొదటి పుస్తకంలో ఇరవై పేజీలకు పది రోజులు పట్టింది. మార్జిన్లో తెలుగు మాటలు రాసుకునేదాన్ని. సింపతీకి సానుభూతి, ఎంపతీకి సహానుభూతి. ఒక్క 'హ' తేడా. ఇన్నేళ్లూ నేను పిల్లల మీద జాలిపడ్డానే గానీ వాళ్ల పక్కన నిలబడలేదని ఆ రెండు మాటలు పక్కపక్కన చూశాక తెలిసింది. అసైన్‌మెంట్లు చేత్తోనే రాయాలి. ముప్పై శాతం మార్కులు వాటికి, డెబ్బై శాతం పరీక్షకు. గైడు చూసి దింపేసేవాళ్లు చాలామంది. నేను ఒకటి అలా చేశాను. పరీక్ష హాల్లో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

ప్రాక్టికల్స్‌లో వాక్యాలు పూర్తి చేయించే టెస్టు ఒకటి ఉంది. సగం వాక్యం మనం ఇస్తాం, మిగతాది వాళ్లు రాస్తారు. మనుషులు దొరక్క మా ఆయన్ని కూర్చోబెట్టాను. రొయ్యల చెరువు మీద నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా చకచకా రాసుకుంటూ పోయారు. "మా నాన్న" దగ్గర పెన్ను ఆగింది. నేనైతే మామూలుగా "రాయండి, ఏదో ఒకటి" అనేదాన్ని. ఆ రోజు నోరు కట్టుకున్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి ఒక లైను రాసి, కాగితం బోర్లించి, స్నానానికి వెళ్లారు. ఏం రాశారో ఇక్కడ చెప్పను. రిపోర్టులో కూడా ఆయన "సబ్జెక్ట్ ఎ" మాత్రమే. పన్నెండేళ్ల కాపురంలో నాకు తెలియని మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

పేరు రాయకపోవడం అనేది మాలాంటి వాళ్లకు చాలా కష్టమైన పాఠం. మా సంఘాల్లో గుట్టు నిలవదు. చెడు ఉద్దేశంతో కాదు, ప్రేమతోనే బయటపడుతుంది. శుక్రవారం ఉపవాస కూడికలో "ఫలానా అమ్మాయి కోసం భారంగా ప్రార్థించండి, ఇంట్లో పరిస్థితి బాలేదు" అని మనవి పెడతాం. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. నేనూ ఎన్నో మనవులు పెట్టాను. పిల్లలు నాకు చెప్పుకున్నవే. ఇంకోవైపు, "ఎవ్వరికీ చెప్పను" అని ఒట్టు వెయ్యడానికీ లేదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం చెబుతోంది, చెప్పకపోతే అదే నేరం. ఇప్పుడు ముందే ఆ మాట పిల్లలకు చెబుతాను: నీ ప్రాణానికో, ఒంటికో ప్రమాదమైతే మాత్రం నేను దాచను.

అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ పాఠం చదువుతుంటే నవ్వొచ్చింది. క్లయింటు మాటకే పెద్దపీట వేసిన ఈయన 1924లో న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీలో చేరాడు, రెండేళ్ల తర్వాత అది వదిలేసి దగ్గర్లోనే ఉన్న టీచర్స్ కాలేజీకి మారిపోయాడు. పాస్టరుగారికి చెబితే "తప్పిపోయిన కుమారుడన్నమాట" అన్నారు. మనిషిలోనే బాగుపడే శక్తి ఉందని రోజర్స్ అంటాడు. మేం పాపులమని చెప్పుకుని మోకరిస్తాం. ఈ రెండూ నాలో ఇప్పటికీ కలవలేదు. కానీ బైబిల్లో కష్టాల పాలైన యోబును ఓదార్చడానికొచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారని, నోరు తెరిచాకే చెడగొట్టారని మాత్రం ఈ చదువు తర్వాతే గమనించాను.

ఇలాంటి చదువు చదవాలనుకునేవాళ్లకు ఒక మాట. ఈ డిగ్రీ పట్టుకుని క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టకూడదు, దానికి వేరే చదువు, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి. నా జీతం కూడా ఒక్క రూపాయి పెరగలేదు. హెచ్.ఎం. గారు స్టోర్ రూములో సగం ఖాళీ చేయించి రెండు కుర్చీలు వేయించారు. మిగతా సగంలో పాత హార్మోనియం, విరిగిన బెంచీలు.

రెండో ఏడాది ఆ గదికి పదో తరగతి అబ్బాయి ఒకడొచ్చాడు. అసెంబ్లీలో బాగా పాడేవాడు, ఉన్నట్టుండి మానేశాడు. కూర్చోగానే "ప్రార్థన మాత్రం చెయ్యొద్దండి టీచర్" అన్నాడు. "ఇప్పటికే నలుగురు చేశారండి." సరేనన్నాను. ఆ తర్వాత ఏమీ మాట్లాడలేదు. హార్మోనియం మీద దుమ్ములో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. వాక్యాలు నా నాలుక చివరిదాకా వచ్చి ఆగుతున్నాయి. బెల్లు కొట్టారు. వాడు లేవలేదు, నేనూ లేవలేదు.

"అమ్మ గొంతు మర్చిపోతున్నానండి" అన్నాడు.

వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి నాలుగేళ్లు. వీడు పెద్దమ్మ ఇంట్లో ఉంటున్నాడు. ఫోన్ వస్తే స్పీకర్ పెడతారు, డబ్బు సంగతులు అయ్యేసరికి కట్ అవుతుంది. అమ్మతో ఒక్కడే మాట్లాడి ఏడాది దాటింది. నేను ఏ థియరీ వాడలేదు. ఆవిడకు సెలవు ఎప్పుడో కనుక్కున్నాను, హెచ్.ఎం. గారి దగ్గర, పెద్దమ్మ దగ్గర ఒప్పించాను.

ఆవిడకు సెలవు శుక్రవారం. మాకు లంచ్ బెల్లు కొట్టేసరికి అక్కడ పొద్దున పదింపావు. శుక్రవారాలు ఆ సమయంలో నాకు ఫోన్ చెయ్యకండి, పావుగంటసేపు అది నా దగ్గర ఉండదు.