వ్యోమగామి తిరిగొచ్చాక మన పిల్లలు ఎలా కలిసి వాయించాలి

హ్యూస్టన్ శివారు క్లియర్ లేక్‌లో, నాసా వాళ్ల జాన్సన్ స్పేస్ సెంటర్‌కు దగ్గరగా ఉండే మన కుటుంబాలకు వ్యోమగాములంటే ఇరుగుపొరుగు. వాళ్లలో కొందరికి సంగీతం సరదా. 1987లో వ్యోమగాములే కలిసి మాక్స్ క్యూ అని ఒక బ్యాండు పెట్టుకున్నారు. అలాంటివాళ్లు వారాంతాల్లో ఎవరింట్లోనో చేరి గిటారు, ఫిడేలు, ఫ్లూటు వాయించుకుంటుంటే, స్కూలు ఆర్కెస్ట్రాలోనూ కర్ణాటక సంగీతం క్లాసులోనూ వయొలిన్ నేర్చుకునే మన పిల్లలు కూడా వెళ్లి కూర్చుంటారు. ఆ బృందంలో ఒకావిడ ఆరు నెలలు అంతరిక్ష కేంద్రంలో ఉండి తిరిగొస్తోందంటే మనవాళ్లకు ముందు తట్టేది ఒకటే: పిల్లకు పట్టుపరికిణీ కట్టి, మధ్యలో ఒక "ఇండియన్ ఐటమ్" పెట్టించడం. దయచేసి అది వద్దు. మిగతా రోజుల్లో ఆ పిల్ల ఆ గుంపులో ఒక వాయిద్యకారిణి. స్వాగతం రోజున మాత్రం విడిగా నిలబెట్టి చూపిస్తే, తను పరాయిదాన్నని ఆ పిల్లే అనుకుంటుంది. అందరితో కలిసి వాయించేలా తయారు చేయండి. దానికి ఆరు వారాల టైము చాలు.

ముందు శ్రుతి. ఐదు శ్రుతి పెట్టుకోండి, అంటే మన స పాశ్చాత్యుల జి స్వరం మీద ఉంటుంది. గిటారు వాళ్లకు జి అంటే చేతికి అలవాటైన చోటు, బాంజో మామూలుగా జి లోనే శ్రుతి చేసి ఉంటుంది, ఆడపిల్లల గొంతుకూ చాలావరకు సరిపోతుంది. వయొలిన్‌కు ఇంకో సదుపాయం ఉంది. స్కూల్లో తీగలు జి, డి, ఏ, ఇ. ఐదు శ్రుతికి కావలసినవి కింది నుంచి స, ప, స, ప. అంటే జి, డి, జి, డి. మొదటి రెండు తీగలను ముట్టుకోనక్కర్లేదు. ఏ తీగను జి కి, ఇ తీగను డి కి, ఒక్కో స్వరం దించితే అయిపోయింది. అయితే రెండు తీగల బిగువు తగ్గగానే తీగలను మోసే బ్రిడ్జి మీద భారం తగ్గి, మిగతా రెండూ కాస్త పైకి పోతాయి. దించాక పది నిమిషాలు ఆగి నాలుగూ మళ్లీ సరిచూడాలి. ఈ ఆగడం దగ్గరే పిల్లలు తొందరపడతారు. మొదటి పాట సగానికి వచ్చేసరికి శ్రుతి తప్పేది అందుకే. వీలైతే కర్ణాటక శ్రుతికి ఒక వయొలిన్, స్కూలుకు ఒకటి విడిగా ఉంచండి. మాటిమాటికీ దించి ఎక్కిస్తే సన్నతీగ తెగుతుంది.

తర్వాత స్వరాలు రాసుకోవడం. అమెరికాలో పుట్టిన పిల్లలు స్వరాలను ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుంటారు. ఇక్కడ అది కొంప ముంచుతుంది. షడ్జమం జి అయినప్పుడు వాళ్ల కాగితం మీది 'జి' గాంధారం, అంటే గిటారు వాళ్ల లెక్కలో బి. కాగితం మీది 'డి' ధైవతం, అంటే ఇ. ఆ కాగితం పక్కవాళ్ల చేతిలో పడితే రిహార్సలంతా గందరగోళమే. స్వరాలను తెలుగులో రాయించండి, వాటి కింద ఇంగ్లిషు నోట్లు వేయించండి. ఏడే ఏడు అక్షరాలు. తెలుగు చదవడం రాని పిల్లలు కూడా ఒక శనివారంలో నేర్చుకుంటారు, పైగా పనికొచ్చేదే కనక మరిచిపోరు. ఆ కాగితం నకళ్లు తీసి అందరికీ పంచే బాధ్యత పిల్లకే ఇవ్వండి. రెండు పద్ధతులూ తెలిసింది ఆ గదిలో తనకొక్కదానికే.

రాగానికి మోహనం తేలిక. స రి గ ప ద అంటే ఇక్కడ జి, ఏ, బి, డి, ఇ. అమెరికా జానపద ట్యూన్లలో చాలావాటికి ఈ అయిదు స్వరాలే ఆధారం కాబట్టి అటువాళ్లకూ కొత్తగా ఉండదు. చిక్కంతా కార్డ్స్‌తోనే, అంటే గిటారు మీద ఒకేసారి మోగించే స్వరాల గుత్తులతో. జి మేజర్, ఇ మైనర్ రెండూ రాగంలోని స్వరాలే. సి మేజర్ వేస్తే మధ్యమం, మామూలు డి మేజర్ వేస్తే నిషాదం వినబడి మోహనం కాస్తా శంకరాభరణం వైపు జారుతుంది. గిటారు ఆయనతో ముందే చెప్పండి: జి, ఇ మైనర్ వాడండి, డి కావాలంటే మధ్య స్వరం వదిలేసి డి, ఏ మాత్రం మీటండి. పిల్లకు చెప్పాల్సింది ఇంకొకటి: గిటారు కార్డు మోగుతున్న చోట స్వరాన్ని నిలకడగా పట్టాలి, స్వరాన్ని ఊపే, జార్చే గమకం గిటారు ఆగిన చోట వేయాలి. రెండూ ఒకేసారి వస్తే ఎవరో ఒకరు అపస్వరం పలుకుతున్నట్టు ఉంటుంది. గమకాల జోలి అసలు వద్దనుకుంటే ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు ఉన్నాయి. పాశ్చాత్య బాణీలకు ఆయన సంస్కృత సాహిత్యం కట్టినవి, శంకరాభరణ స్వరాల్లో తిన్నగా నడుస్తాయి కాబట్టి జి, సి, డి మూడు కార్డ్స్ హాయిగా వేసుకోవచ్చు.

తాళం దగ్గర పెద్ద ఇబ్బంది లేదు. ఫిడేలు ట్యూన్లలో ఒక్కో భాగం ఎనిమిది బార్లు, బారుకు నాలుగు దెబ్బలు; మన లెక్కలో, ఎనిమిది దెబ్బలకు ఒకటి చొప్పున, నాలుగు ఆది తాళ ఆవర్తనాలు. అనాగత ఎత్తుగడ ఉన్న కీర్తన మాత్రం ఎంచుకోవద్దు. సమం, అంటే తాళంలో మొదటి దెబ్బ, దాటి మొదలయ్యే పాట దగ్గర గిటారు వాళ్లు ప్రతిసారీ సగం దెబ్బ ముందు పడతారు. మృదంగం ఉంటే హెచ్చు శ్రుతిది కావాలి. తగ్గు శ్రుతి మృదంగాన్ని అంచు మీద కొట్టి కొట్టి ఐదు శ్రుతికి ఎక్కించబోతే మూత చిరుగుతుంది. ఇక్కడి సముద్రతీరపు తేమకు పెరట్లో మూతలు సడలుతాయి, ఏసీ గదిలోకి రాగానే బిగుస్తాయి. వాయించే గదిలోనే అరగంట ముందు పెట్టి శ్రుతి చేయాలి. లేదంటే కంజీర అనే చిన్న డప్పు చాలు.

ఇక తిరిగొచ్చిన మనిషి సంగతి. తల్లిదండ్రులు ఎక్కువ పట్టించుకోవలసింది ఇక్కడే, ఎందుకంటే మన మర్యాదల్లో చాలా భాగం వంగడం, లేవడం, తల తిప్పడం మీదే నడుస్తాయి.

నెలల తరబడి బరువు తెలియకుండా ఉన్నాక లోచెవిలోని సమతుల్య వ్యవస్థ మళ్లీ భూమికి అలవాటు పడాలి. చటుక్కున తల తిప్పినా, కిందికి వంగినా కళ్లు తిరుగుతాయి, కడుపులో తిప్పుతుంది. నాసా వాళ్లు తిరిగొచ్చినవారికి రోజుకు రెండు గంటల చొప్పున 45 రోజులు వ్యాయామ శిక్షణ ఇస్తారు. పైన కాలు నేల మీద పెట్టే పనే లేదు కాబట్టి అరికాళ్ల గట్టి చర్మం ఊడిపోయి మెత్తబడుతుంది. కాబట్టి మన గుమ్మం దగ్గర చెప్పులు విప్పమనే ముందు అక్కడ చేతులున్న కుర్చీ ఒకటి వేయండి, మెత్తటి స్లిప్పర్లు పెట్టండి. లేసులు విప్పడానికి వంగడమే ఆవిడకు అన్నిటికన్నా కష్టం. బూట్లతోనే లోపలికి వస్తానంటే రానివ్వండి. పిల్లలు కాళ్లకు దణ్ణం పెట్టనక్కర్లేదు. పెడితే ఆవిడ వంగి లేపబోతుంది. నిలబడి నమస్కారం చాలు. బరువైన గులాబీ దండ మెడకు భారం, ఆ తల బరువే మెడ ఇన్నాళ్లకు మళ్లీ మోస్తోంది. అగరొత్తులు, సాంబ్రాణి ఆ పూటకు వద్దు, ఘాటు వాసనలు వికారాన్ని పెంచుతాయి. జలుబు, దగ్గు ఉన్న పిల్లలు ఎంత ఏడ్చినా ఇంట్లోనే ఉండాలి.

కూర్చునే ఏర్పాటు కూడా దీన్నిబట్టే. అందరూ నేల మీద కూర్చుంటే ఆవిడ లేవలేదు. పిల్లలను మాత్రం కింద కూర్చోబెడితే ఆవిడ తల దించి చూడాలి. పోనీ పిల్లలకూ కుర్చీలు వేద్దామంటే కర్ణాటక పద్ధతి కుదరదు: బాసింపట్టు వేసుకుని వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనిస్తేనే ఎడమ చెయ్యి ఖాళీగా జారుతుంది. కుర్చీలో గడ్డం కింద పట్టుకుంటే వయొలిన్ మోసే పని కూడా ఆ చేతికే పడి జారుడు గమకాలు తెగిపోతాయి. 16 అంగుళాల ఎత్తు వేదిక ఒకటి అద్దెకు తెచ్చి, జంపఖానా పరిచి పిల్లలను దాని మీద కూర్చోబెట్టండి. ఆవిడ కుర్చీ దానికి ఎదురుగా ఉండాలి. చుట్టూ గుండ్రంగా కూర్చుంటే ఎవరు వాయిస్తే అటు తల తిప్పాలి. ఎదురుగా విల్లు వంపులో కూర్చుంటే ఆ బాధ లేదు. మైకులు వద్దు.

ఆవిడ వాయిద్యాన్ని ఎవరూ తాకకుండా ఆరు నెలలు ఇంట్లో ఉంచి ఉంటే, ఇంట్లోవాళ్లను అడిగి వారం ముందే తీగలు మార్చండి. కొత్త తీగలు సాగి నిలదొక్కుకోవడానికి ఆ వారం పడుతుంది. గిటారుకు మామూలుగా 12 సైజు తీగలు వాడేవాళ్లయితే ఈసారికి అంతకంటే సన్నని 10 సైజువి వేయండి. వేళ్ల కాయలు తగ్గి ఉండొచ్చు. అంతరిక్ష కేంద్రంలో గిటారు ఉంది, కానీ బరువు తెలియని చోట వాయించిన చెయ్యి వేరే లెక్క నేర్చుకుని వస్తుంది. 2013లో అక్కడ పాడి వాయించిన కెనడా వ్యోమగామి క్రిస్ హ్యాడ్‌ఫీల్డ్, దిగాక తన పెదవులు, నాలుక బరువు తనకే తెలిసిందని, మాట్లాడే తీరు మార్చుకోవలసి వచ్చిందని చెప్పారు. పాడేవాళ్లకూ ఫ్లూటు వాళ్లకూ ఇది చాలా ముఖ్యమైన మాట. అందుకని మొదటి పాటలో ఆవిడకు స, ప మాత్రం ఇవ్వండి, తంబురాలా మోగిస్తే చాలు. రెండోదాంట్లో ఇష్టమైతే అందుకుంటుంది. పిల్లలకు దీన్ని ముందే వివరించాలి, లేకపోతే "మిస్‌కు వాయించడం మరిచిపోయిందా" అని ఆవిడ ముందే అడిగేస్తారు. పిలుపు కూడా అలాగే ఉండనివ్వండి. టెక్సస్‌లో పెద్దవాళ్లను పేరు ముందు మిస్, మిస్టర్ చేర్చి పిలవడం మర్యాదే. కొత్తగా ఆంటీని చేయక్కర్లేదు.

పిల్లలకు చెప్పడానికి సరదా సంగీతకారుల చరిత్ర బోలెడుంది. 1965 డిసెంబర్ 16న జెమినై 6 వ్యోమనౌకలో వాలీ షిరా చిన్న హార్మోనికా వాయిస్తే టామ్ స్టాఫర్డ్ చిరుగంటలు మోగించారు. 1984లో రాన్ మెక్‌నెయిర్ శాక్సఫోన్ తీసుకెళ్లారు. క్యాడీ కోల్మన్ 2011 ఏప్రిల్ 12న, గగారిన్ యాత్రకు యాభై ఏళ్లయిన రోజున, అంతరిక్ష కేంద్రం నుంచి ఫ్లూటు జుగల్బందీలో పాల్గొన్నారు. స్వాగతం రోజున ఒక నిమిషం పిల్ల మాట్లాడాలనుకుంటే ఇవి చెప్పొచ్చు, తర్వాత తను వాయించే రాగం ఏమిటో, అందులో ఏయే స్వరాలున్నాయో చెబితే సరి. మీరు పక్కన నిలబడి అందించొద్దు.

తేదీని దిగే రోజుకు ముడిపెట్టి హాలు బుక్ చేయకండి. సునీతా విలియమ్స్ ఎనిమిది రోజుల కోసమని 2024 జూన్ 5న వెళ్లి 2025 మార్చి 18న దిగారు, 286 రోజులు. అంత కాకపోయినా, సముద్రంలో దిగే చోట గాలి, అలలు బాగోలేకపోతే రోజులు జరుగుతాయి. తర్వాత హ్యూస్టన్ తీసుకొచ్చే విమానం ఎలింగ్టన్ ఫీల్డ్‌లో దిగినప్పుడు ఎదురెళ్లేది కుటుంబం, సహోద్యోగులు, మనం కాదు. దిగాక మూడో వారం దాటనిచ్చి, కుటుంబం చెప్పిన రోజున, వాళ్లు చెప్పిన చోట పెట్టుకోండి. అప్పటికి ఆవిడ ఇంకా కారు నడపకపోవచ్చు, తీసుకొచ్చి దింపే మనిషిని ముందే అనుకోండి.

సన్మానమంటూ వెండి పళ్లేల దాకా వెళ్లకండి. అమెరికా ప్రభుత్వోద్యోగులు హోదా వల్ల వచ్చే కానుకల్లో ఒక సందర్భానికి 20 డాలర్లు, ఒకే చోటి నుంచి ఏడాదికి 50 డాలర్లు మించినవి తీసుకోకూడదు. సొంత స్నేహితులు ఇచ్చుకునేవాటికి మినహాయింపు ఉంది, కానీ సంఘం పేరు మీద ఇస్తే ఆవిడ వాపసు ఇవ్వాల్సి రావచ్చు. పిల్లలు రాసిన స్వరాల కాగితం ఇస్తే ఏ నిబంధనా అడ్డురాదు. ఫోటోలు బయట పెట్టేముందు అడగండి. మొత్తం నలభై నిమిషాల్లో ముగించండి. ఆవిడ ఇంకా వాయిద్దామన్నా సరే, ఇంట్లోవాళ్ల ముఖం చూసి ఆపండి. మిగిలిన పాటలు మరో రెండు నెలలకు, పునరావాస శిక్షణ అయిపోయాక, మామూలు వారాంతంలో వాయించుకోవచ్చు.