‘ఇంకా’ ఒకటే, ఇంగ్లీషులో స్టిల్, యెట్ రెండు

ఈమధ్య మా అక్క కూతురు మా ఇంట్లో ఉండి ఆఫీసు పని చేసుకుంటున్నప్పుడు, ఫోనులో అమెరికా క్లయింటుకు “స్టిల్ ఐ డిడ్ నాట్ సెండ్ ద ఫైల్” అని చెప్పడం విన్నాను. “ఫైలు ఇంకా పంపలేదండీ” అన్నది తన మనసులోని మాట. అవతలి వ్యక్తి క్షణం ఆగి, ఎందుకు పంపలేదని కాస్త గట్టిగానే అడిగారు. వాక్యం మొదట్లో వచ్చే స్టిల్‌కు చాలాసార్లు ‘అయినా సరే’ అనే అర్థం వస్తుంది కనుక, ఆయనకు ఆ మాట “అయినా సరే, నేను పంపలేదు” అన్నట్టు వినిపించి ఉంటుంది. పిల్ల మర్యాదలో లోపం లేదు, క్రియావిశేషణం ఒక్కటే దారి తప్పింది.

ఈ పొరపాటుకు మూలం మన ‘ఇంకా’లో ఉందని నా నమ్మకం. “వాడు ఇంకా నిద్రపోతున్నాడు”, “వాడు ఇంకా లేవలేదు”, “ఇంకా కొంచెం పప్పు వెయ్యనా?” అనే మూడు చోట్లా మనం ఒకే మాట వాడతాం, ఎందుకంటే తెలుగులో ఆ తేడాను క్రియ చూసుకుంటుంది. ఇంగ్లీషులో మొదటిదానికి స్టిల్, రెండోదానికి యెట్, మూడోదానికి మోర్ కావాలి. జరుగుతూ ఉన్న పనికి స్టిల్, జరగని పనికి నాట్‌తో పాటు వాక్యం చివర యెట్ అని గుర్తుంచుకుంటే రోజువారీ మాటల్లో చాలావరకు సరిపోతుంది. అక్క కూతురు అనవలసింది “ఐ హావెంట్ సెంట్ ఇట్ యెట్” అని. “ఐ స్టిల్ హావెంట్ రిసీవ్డ్ ఇట్” అన్నదీ తప్పు కాదు, కానీ అందులో “ఇన్నాళ్లయినా నాకు అందలేదు” అనే విసుగు ఉంటుంది. కొరియరు ఆలస్యమైతే ఆ మాట బాగానే నప్పుతుంది కానీ, మనమే ఆలస్యం చేసిన పని గురించి క్లయింటుతో చెప్పేటప్పుడు యెట్ వాడటమే మేలు.

కొన్నిచోట్ల తెలుగే మనకు దారి చూపిస్తుంది. “అప్పుడే తినేశావా?” అన్నప్పుడు మన గొంతులో ఉండే ఆశ్చర్యం “హావ్ యు ఆల్రెడీ ఈటెన్?” అన్నదానిలో ఉంది, “భోజనం అయిందా?” అనే మామూలు పలకరింపుకు “హావ్ యు ఈటెన్ యెట్?” దగ్గరగా ఉంటుంది. వెరీ, టూ అనే రెండింటికీ ‘చాలా’ అని అర్థం రాసుకోవడం వల్ల వచ్చే చిక్కు కూడా ఇలాగే తీరుతుంది. “కాఫీ చాలా వేడిగా ఉంది” అంటే తాగడానికి హాయిగా ఉందని కావచ్చు, “మరీ వేడిగా ఉంది” అంటే తాగలేకపోతున్నామని. ఆ ‘మరీ’యే టూ.

హార్డ్, హార్డ్‌లీ విషయంలో మాత్రం తెలుగు అలవాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ‘వేగం’ పక్కన ‘గా’ చేరి ‘వేగంగా’ అయినట్టే, ఇంగ్లీషులో లీ చేరిస్తే చాలునని అనుకుంటాం. పాత ఇంగ్లీషులో హార్డ్ క్రియావిశేషణంగా వచ్చినప్పుడు చివర ఒక చిన్న అచ్చు ఉండేది, కాలక్రమంలో అది రాలిపోవడంతో విశేషణమూ క్రియావిశేషణమూ ఒకే రూపంలో మిగిలాయి. అందుకే కష్టపడి పనిచేస్తానని చెప్పడానికి “ఐ వర్క్ హార్డ్” చాలు, “ఐ హార్డ్‌లీ వర్క్” అంటే దాదాపు పనే చేయనని అర్థం. లేట్ అంటే ఆలస్యంగా అని, లేట్‌లీ అంటే ఈమధ్య అని.

సాయంత్రం ఫైలు పంపేసిన తరువాత, “ఇప్పుడే పంపాను పిన్నీ, ఆయనకు ఎలా చెప్పాలి?” అని తను అడిగింది. గడిచిన పనికి ఆ ‘ఇప్పుడే’ జస్ట్ అవుతుందని, “ఇప్పుడే పంపుతాను” అన్నప్పుడైతే అదే మాట రైట్ అవే అవుతుందని చెప్పాను. “ఐ హావ్ జస్ట్ సెంట్ ఇట్” అని టైపు చేసి, పంపే ముందు ఒకసారి నాకు చదివి వినిపించింది.