ఆక్సిజన్ 97 ఉంది, నీకేం కాదు

వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు. లేచి కూర్చుంటే సర్దుకుంటుంది. నా జబ్బు అలా మొదలైంది. కావలిలో ఎక్స్‌రే, ఈసీజీ తీసి, ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు. పొద్దున లేస్తే తలనొప్పి, సాయంత్రానికి ముక్కుతో మాట్లాడినట్టు గొంతు. మా అత్త దిష్టి తీసింది.

ఒక రాత్రి తాగిన మంచినీళ్లు ముక్కులోంచి వచ్చేశాయి. మెడ నిలవక గడ్డం కింద చెయ్యి ఆనించుకుని కూర్చున్నాను. ఆస్పత్రికి పోతే డ్యూటీ డాక్టరు వేలికి పెట్టిన మిషన్ చూసి, "ఆక్సిజన్ 97 ఉంది, నీకేం కాదు. టెన్షన్ తగ్గించుకో, ఆడవాళ్లకిది మామూలే" అన్నాడు. బదులు చెప్పడానికి నా దగ్గర గాలి లేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిద్రకి ఇంజెక్షన్ రాయబోతే మా ఆయన "వద్దు సార్" అని నన్ను కారెక్కించి, నెల్లూరు దాకా నా తల తన భుజానికి ఆనించి పట్టుకున్నాడు. ఆ ఇంజెక్షన్ పడుంటే ఊపిరి ఆగిపోయేదని తర్వాత తెలిసింది.

నెల్లూరులో న్యూరాలజిస్టు గారు "ఒక్క ఊపిరితో అంకెలు లెక్కపెట్టమ్మా" అన్నారు. తొమ్మిది దగ్గర ఆగిపోయాను. రక్తపరీక్షలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయి ఉంది. మయస్థీనియా గ్రావిస్ అన్నారు. నరం పంపే సంకేతాన్ని కండరం అందుకోకుండా రోగాలతో పోరాడాల్సిన మన ఒంట్లోని యాంటీబాడీలే అడ్డుపడతాయి. చాలామందికి కనురెప్పలు వాలడంతో మొదలవుతుందట, నాకు ఊపిరితిత్తుల కిందుండే కండరం డయాఫ్రంతో మొదలైంది. ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి, వాటిని ఆడించే కండరమే అలిసిపోయింది. ఇలాంటప్పుడు ఆక్సిజన్ అంకె చివరిదాకా బాగానే కనిపిస్తుంది.

వెంటిలేటరు, ఆ యాంటీబాడీల జోరు తగ్గించే ఇమ్యునోగ్లోబ్యులిన్, ఆపైన నరం సంకేతం కండరానికి బాగా అందేలా చేసే పిరిడోస్టిగ్మిన్ మాత్రలు. ఐసీయూలో గొంతులో గొట్టంతో ఏడుస్తుంటే నైట్ డ్యూటీ నర్సమ్మ పలక తెచ్చి "ఏం కావాలో రాయక్కా" అంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి. మా అత్త మొక్కుకున్నట్టే జొన్నవాడ కామాక్షమ్మ గుళ్లో నిద్ర చేసి వచ్చాం. ఆ రాత్రి ఆ న్యూరాలజిస్టుని డ్యూటీలో ఉంచింది ఆ తల్లేనని నా నమ్మకం.

పడుకుంటే ఆయాసం, సాయంత్రానికి గొంతు మారడం, మింగలేకపోవడం కలిసి వస్తే న్యూరాలజిస్టుకి చూపించుకోండి. జబ్బు తేలినవాళ్లు ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు దాని పేరు చెప్పండి. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లు, మెగ్నీషియం ఇంజెక్షన్ లాంటివి దీన్ని ముదరబెడతాయి. నా డిశ్చార్జి సమ్మరీ కాపీ ఒకటి ఆ డ్యూటీ డాక్టరుకీ పంపించాను, ఇంకొకరిని అలా ఇంటికి పంపకూడదని.